లీష్ బదులివ్వని పలకరింపు

అక్టోబరు 4, సోమవారం

మా అక్క లీష్ వచ్చింది. ఒక పెట్టె, ఒక గొడుగు, తాడు కట్టిన అట్టపెట్టెలో పుస్తకాలు. నలభై ఆరేళ్ళ మఠం జీవితాన్ని డ్రైవరు బస్సు కింద అరలోంచి రెండు చేతులతో తీసి రోడ్డు మీద పెట్టాడు.

తల మీద ముసుగు లేదు. జుట్టు పూర్తిగా నెరిసింది. నుదుటి దగ్గర అమ్మకున్నట్టే సుడి ఉంది. ఆ సుడి సంగతే మరిచిపోయాను.

కొన్ని వారాలకే వచ్చింది. డబ్లిన్‌లో వాళ్ళ మఠాన్ని మూసేశారు. మిగిలిన నలుగురు సిస్టర్లనూ వేరే ఊరి మఠానికి పంపుతున్నారు. తను వాళ్ళతో వెళ్ళాలో, అసలు సన్యాసినుల సభలోనే కొనసాగాలో తేల్చుకోవడానికి ఆమెకి గడువిచ్చారు. "తేలేదాకా నీ దగ్గర ఉండనా?" అని ఫోన్లో అడిగింది. ఉండనీ. వెనక గది ఎలాగూ ఖాళీయే. నాకేమీ ఇబ్బంది లేదు.

గేటు దగ్గర పొరుగింటి మురిష్ కంచె మొక్కలు కత్తిరిస్తున్నాడు. లీష్‌ని చూసి టోపీ తీశాడు. "దీయ ఘిత్, లీష్. ఇంటికొచ్చావా తల్లీ" అన్నాడు.

మా ఐరిష్‌లో దీయ ఘిత్, అంటే దేవుడు నీకు తోడు, అన్నవాళ్ళకి దేవుడూ మరియ తల్లీ నీకు తోడు అని బదులివ్వాలి. మా ఊళ్ళో పిల్లలకి నడక రాకముందే ఆ మాట వస్తుంది. లీష్ ఆగింది. నవ్వింది. "మంచి రోజు" అంది.

వాన కురుస్తోంది.

మురిష్ ఆకాశం వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ప్రయాణం బడలిక అన్నాను.


అక్టోబరు 5

పదకొండు గంటలు నిద్రపోయింది. బడలికే.


అక్టోబరు 7, గురువారం

మూడు రోజులుగా గమనిస్తున్నాను. కావాలని కాదు. ఒకే ఇంట్లో ఉంటే చెవిన పడతాయి కదా.

నేను తుమ్మాను. 'దేవుడు మనతో ఉండాలి' అనలేదు, చేతిరుమాలు అందించింది. రేపు దుప్పట్లు ఉతుకుదాం అంది. 'దేవుడి దయ ఉంటే' అని చేర్చలేదు. నాన్న పేరెత్తింది. ఆ పేరు వెంటనే రావలసిన 'దేవుడు ఆయన్ని కరుణించాలి' రాలేదు. పొంగుతున్న పాల మీది మూత లాగినట్టు నేనే గబుక్కున అనేశాను.

ఉత్తరాలు తెచ్చే అమ్మాయి గేటు దగ్గర దీయ ఘిత్ అంటే "గాలి ఎక్కువగా ఉంది" అని జవాబిచ్చింది. ఈసారి నిజంగానే గాలి ఉంది, అంతవరకు నయం.


అక్టోబరు 10, ఆదివారం

లీష్ పూజకి రాలేదు. ఫాదర్ అడిగితే తలనొప్పి అన్నాను. చర్చి తాళాలు పంతొమ్మిదేళ్ళుగా నా దగ్గరే ఉన్నాయి. పీఠం మీద పూలు మార్చడం, ఇత్తడి తోమడం, దీపం చూసుకోవడం నా పని. అలాంటి నా ఇంట్లో ఒక సిస్టర్ ఉండి పూజకి రాకపోతే తలనొప్పి కాక మరేమిటి?

ఇత్తడి తోముతుంటే చిన్నప్పటి ఆట గుర్తొచ్చింది. ఎదుటివాళ్ళు దేవుడంటే మనం మరియ తల్లిని కలపాలి. వాళ్ళు మళ్ళీ పాట్రిక్‌ను కలుపుతారు. పశువుల కొట్టంలో నేనూ లీష్ అలా కలుపుకుంటూ పోయేవాళ్ళం. బ్రిజిడ్, బ్రెండన్, కొలంబా, నా పేరు గల గొబ్నిత్ కూడా. పునీతులందరూ అయిపోయాక లీష్ మా ఎర్రావు పేరు కలిపేది. ఎప్పుడూ తనే గెలిచేది. మాట కోసం తడుముకోవడం ఆ నోటికి తెలియదు.


అక్టోబరు 12

పిండి కోసం బ్రీడె కొట్టుకి వెళ్ళాను. బ్రీడె ముఖానికున్న మాస్కు కిందికి లాగి, గొంతు తగ్గించింది.

"మీ లీష్ నా పలకరింపుకి బదులు పలకలేదు గొబ్నిత్. మన భాష మరిచిపోయిందా ఏమిటి?"

నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి నిజం. దాన్ని చెబితే సాయంత్రానికల్లా చర్చి మెట్ల మీద ఉంటుంది. రెండోది బ్రీడే నా చేతికిచ్చింది.

డబ్లిన్‌లో అంతా ఇంగ్లీషే కదా, కాస్త తుప్పు పట్టింది అన్నాను.

"అయ్యో పాపం" అంది బ్రీడె. మా ఊళ్ళో కాలు పోయినవాడికి కూడా అంత జాలి దొరకదు.


అక్టోబరు 13

అది అబద్ధమేమీ కాదు. నలభై ఆరేళ్ళు తక్కువ కాలమా?


అక్టోబరు 14

దేవుడి పేరు నేను రోజుకి ఎన్నిసార్లు అంటానో లెక్కపెడదామనుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి ముందే ఇరవై మూడు. అందులో ప్రార్థనలు లేవు. కోడిపెట్టని ఒకసారి, కెటిల్‌ని ఒకసారి దీవించాను. బావి దగ్గర తవ్వుతున్న మనిషికి 'నీ పనికి దేవుడి ఆశీస్సు' అన్నాను. అలా అనకుండా పనిచేసేవాడి పక్కనుంచి దాటిపోవడం నాకు చేతకాదు.

ఆ ఇరవై మూడింటిలో దేవుణ్ణి తలుచుకుని అన్నవెన్ని? లెక్క అక్కడ ఆపేశాను.


అక్టోబరు 17, ఆదివారం

మళ్ళీ తలనొప్పి.

పూజ నుంచి వచ్చేసరికి లీష్ గేటు దగ్గర నిలబడి ఉంది. రోడ్డవతల మురిష్. ఆయన టోపీ తీసి, "గుడ్ మార్నింగ్, సిస్టర్. మీ ఆరోగ్యం ఎలా ఉన్నది?" అన్నాడు ఇంగ్లీషులో. పెళ్ళినాటి కోటు మళ్ళీ తొడుక్కుని ఒక్కొక్క బొత్తామే పెట్టుకుంటున్నవాడిలా, మాట తర్వాత మాట పేర్చుకుంటూ అన్నాడు. ఎనభై రెండేళ్ళ మనిషి. లీష్‌కి ఈత నేర్పింది ఆయనే.

లీష్ వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఎవరైనా ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఉన్నారేమోనని.


అక్టోబరు 19

ఉత్తరాల అమ్మాయి ఇంగ్లీషు. పాలవాడు ఇంగ్లీషు. మా గొర్రెలకి ఇంజెక్షన్లు చేసే అతను కూడా, పాపం, ఇంగ్లీషు.

బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే లీష్ అడిగింది, అందరూ నాతో అలా ఎందుకు మాట్లాడుతున్నారని. గౌరవం కొద్దీ అన్నాను. గౌరవం అని తనూ ఒకసారి అనుకుంది. చేప తినేటప్పుడు ముల్లు తీసి కంచం అంచున పెట్టినట్టు ఆ మాటని పక్కన పెట్టింది.


అక్టోబరు 22, శుక్రవారం

ఇల్లంతా మాటలే. నిన్న ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచు రకాలన్నిటికీ అమ్మ వాడిన పేర్లు చెప్పింది. నేను సగం మరిచిపోయాను, తను ఒక్కటీ మరవలేదు. అమ్మ చేసే రొట్టె చేశానని ముందు పెట్టింది. అది అమ్మ రొట్టెలా లేదు, ఇటుకలా ఉంది. ఇద్దరం వెన్న రాసుకుని మొత్తం తిన్నాం. అమ్మ నాన్నని తిట్టే తిట్లు వరసగా చెబుతుంటే నవ్వు ఆపుకోలేక టేబులు పట్టుకున్నాను.

బయట దొరకనిది ఇంట్లో తీర్చుకుంటోంది. ఊళ్ళో ఆమెతో మన భాష మాట్లాడేది ఇప్పుడు నేనొక్కదాన్నే.

అందుకు నేను సంతోషిస్తున్నానని కాదు.


అక్టోబరు 26

లీష్ నిన్న బయటికి వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళింది గాని రోడ్డు మీదుగా కాదు, ఎవరూ ఉండని ఇసుక దారిన. తడిసిన బూట్లతో వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. సోమవారం బస్సు ఎన్నింటికని అడిగింది. తెలుసుకోవడానికేనట.

మఠంలోని పెద్ద సిస్టర్‌కి ఉత్తరం రాస్తోంది. నేను చూడలేదు. పై చిరునామా కనబడిందంతే.

వెళ్తే వెళ్తుంది. వెనక గదిలో చెమ్మ కూడా ఎక్కువ.


అక్టోబరు 30, శనివారం

బ్రీడె ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. లీష్ పిండి కోసం కొట్టుకి వెళ్ళిందట. బ్రీడె చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచి, ఇంగ్లీషులో, "సిస్టర్, మీకు ఏ పిండి కావాలి?" అందట. మా నాన్న పడవా మీ నాన్న పడవా ఒకే వల లాగాయి, నాతో నీకీ భాషేమిటి అని లీష్ అడిగింది. మీకు మన భాష పోయిందని గొబ్నిత్ చెప్పిందిగా అంది బ్రీడె.

అప్పుడు లీష్ పై అర ఎడమ చివర మొదలుపెట్టి కింది అర కుడి చివరి దాకా, కొట్లో ఉన్న ప్రతి వస్తువుకీ మన భాషలో పేరు చెప్పిందట. చేపల డబ్బాలు, కొవ్వొత్తులు, గొర్రెల మందు, పళ్ళపొడి. పేరు లేనివాటికి అక్కడికక్కడే పేరు కట్టింది. వరసలో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. పిండి తీసుకుని, అందరికీ మంచి కలగాలి అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చినప్పుడు ముఖంలో నవ్వు లేదు. పిండి సంచీ టేబులు మీద పెట్టింది.

"నాకు భాష పోయిందని చెప్పావట."

"నువ్వు ఎవరికీ బదులు పలకవు. అడిగితే నేనేం చెప్పను?"

"నాకు తెలీదు అని చెప్పొచ్చు. నీకు తెలీదు కదా."

లీష్ కోటు విప్పకుండానే కూర్చుంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"మఠంలో నాదంటూ ఏదీ లేదు గొబ్నిత్. బట్టలు వాళ్ళవి. మంచం వాళ్ళది. మొదటి ఇరవై ఏళ్ళు పేరు కూడా వాళ్ళు పెట్టిందే. ఇక్కడినుంచి నాదని పట్టుకెళ్ళింది ఈ భాష ఒక్కటే. దాన్ని నువ్వు ఊరందరి ముందూ నా దగ్గర్నుంచి తీసేశావు."

లోపలికి వెళ్ళింది. మంచం కిందనుంచి పెట్టె లాగిన చప్పుడు వినబడింది.


అక్టోబరు 31

మాటల్లేవు. సాయంత్రం పిల్లలు దయ్యాల వేషాలేసుకుని వచ్చారు. లీష్ ఒక్కొక్కరికీ ఆపిల్ ఇచ్చి, ఒక్కొక్కరితో భయపడినట్టు నటించింది. నాతో కాదు.


నవంబరు 1, సోమవారం

పునీతులందరి పండుగ. పూజ అయ్యాక చర్చికి తాళం వేసి, ఇంటికి రాకుండా కాసేపు సమాధుల మధ్య తిరిగాను. బస్సు వెళ్ళిన చప్పుడు విన్నాక వచ్చాను. గది ఖాళీగా ఉంటే నిలబడి చూడటానికి నన్ను నేను సిద్ధం చేసుకున్నాను.

లీష్ వంటింట్లో టీ పెడుతోంది. రెండు కప్పులు.

తనే చెప్పింది. కిందటేడు వసంతంలో, ఆ మహమ్మారి మొదలైన రోజుల్లో, మఠం పక్కనున్న వృద్ధ సిస్టర్ల ఇంట్లో నర్సుగా ఉన్నది తనే. పద్నాలుగు మంది ముసలివాళ్ళు. మూడు వారాల్లో తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో సిస్టర్ ఎటా మా కొండ అవతలి ఊరి మనిషి. తొంభై నాలుగేళ్ళు. చివరికొచ్చేసరికి ఇంగ్లీషంతా జారిపోయి మన భాష ఒక్కటే మిగిలింది. ఆమెకి అర్థమయ్యేలా మాట్లాడగలిగింది ఆ ఇంట్లో లీష్ ఒక్కతే. రోజూ పొద్దున తలుపు తీయగానే ఎటా 'దేవుడు నీకు తోడు' అనేది, లీష్ 'దేవుడూ మరియ తల్లీ నీకు తోడు' అనేది. ఏళ్ళ తరబడి అలాగే.

ఆ రోజు పొద్దున లీష్ నిలువెల్లా ప్లాస్టిక్ గౌను వేసుకుని ఉంది. ముఖానికి మాస్కు, దానిపైన అద్దం. అప్పటికే ఎనిమిది మందిని సాగనంపి ఉంది. వాళ్ళ కోసం దేవుణ్ణి అడిగినవి ఏవీ జరగలేదు. ఎటా ఆమెని పోల్చుకోలేదు. "ఎవరు? ఎవరక్కడ?" అంది. తర్వాత అలవాటు కొద్దీ దీయ ఘిత్ అంది.

"నేను బదులు పలికాను" అంది లీష్. "ఆ మాట మాస్కులోంచి బయటికి రావడం నాకే వినబడింది. అందులో ఎవరూ లేరు. మనుషులు ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లో గంట మోగినట్టుంది. ఎటా ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. గోడవైపు తిరిగిపోయింది. అంతే, మళ్ళీ ఇటు తిరగలేదు."

టీ చల్లారిపోయింది. నేను ఏదో అనబోయాను, ముసలావిడకి అంత తెలిసి ఉండదని.

"తెలిసింది" అంది. "నాకు దేవుడి మీద కోపం లేదు గొబ్నిత్. నువ్వలా అనుకోవద్దు. ఆయన ఉన్నాడో లేడో నాకు తెలీడం లేదు, అంతవరకే. కానీ దాహమేసినవాళ్ళకి ఖాళీ గ్లాసు అందించకూడదు. మళ్ళీ ఎవరికీ అలా అందించను."

నేను లేచి వెళ్ళి, ఆమె నుదుటి దగ్గర లేచి ఉన్న జుట్టు అణిచాను. చిన్నప్పుడు అమ్మ చేసినట్టు. అది మళ్ళీ లేచింది.

ఊళ్ళో నిజం చెప్పనా అని అడిగాను. చెప్పు అంది. ఉన్నదున్నట్టు చెప్పు, దేవుణ్ణి తిట్టిందని మాత్రం చెప్పకు అంది.


నవంబరు 2

ముందు మురిష్ దగ్గరికి వెళ్ళాను. ఆయన గొర్రెల కొట్టంలో ఉన్నాడు. పనికి ఆశీస్సు చెప్పి, తిన్నగా నిలబడి, లీష్‌కి భాష పోలేదు, నేను అబద్ధం చెప్పాను అన్నాను. తర్వాత మిగతాది చెప్పాను. ఆయన కుక్క చెవుల వెనక గోకుతూ విన్నాడు.

"అయితే ఆ మాట ఖాళీగా అనలేకపోతోంది."

"అవును."

"మా ఆవిడ నాన్స్ పోయాక రెండేళ్ళు నేను అన్నవన్నీ ఖాళీవే. రోజుకి యాభైసార్లు. ఎవరూ కనిపెట్టలేదు." కుక్కని పక్కకి జరిపాడు. "నీవల్ల పదహారు రోజులు ఇంగ్లీషు మాట్లాడాను గొబ్నిత్. నిన్ను చాలావాటికి క్షమిస్తాను గాని, దానికి కాస్త టైము పడుతుంది."

అక్కడినుంచి కొట్టుకి. ముగ్గురున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనిపించింది. ఆగలేదు. ఆ ముగ్గురి ముందే చెప్పాను. బ్రీడె చేతిలోని గుడ్ల అట్ట కింద పెట్టి, నేనామెతో గొంతు పెంచి మాట్లాడాను కదూ అంది. ఏడుపు ముఖం పెట్టింది. బ్రీడె ఏడవడం స్కూలు రోజుల తర్వాత ఇదే చూడటం.

చర్చి మెట్ల మీద ఏమనుకుంటున్నారో తెలీదు. వినడానికి ఆగలేదు.


నవంబరు 4

మురిష్ పొద్దున్నే గేటు దగ్గరికొచ్చి, టోపీ తీసి, లీష్‌తో "గొర్రెలు బాగున్నాయి" అన్నాడు. మన భాషలో. సంతోషం అంది లీష్. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.


నవంబరు 6

మురిష్ నాతో మొర పెట్టుకున్నాడు. మన తాతలు ఒక్క పలకరింపునైనా దేవుణ్ణి బయట నిలబెట్టి తయారుచెయ్యలేదు అన్నాడు. రావడానికీ ఆయనే, పోవడానికీ ఆయనే, తుమ్ముకీ ఆయనే. 'ఎలా ఉన్నావ్' అనొచ్చుగా అన్నాను. ఒప్పుకోలేదు. అది పలకరింపు కాదట, ప్రశ్నట. 'బాగున్నాను, దేవుడి దయవల్ల' అని దానికి జవాబు ముందే కుట్టేసి ఉంది, అందులో సగం కత్తిరించి ఆమె చేతికి ఎలా ఇవ్వను అన్నాడు.

నిజంగానే దిగులు పడుతున్నాడు.


నవంబరు 9, మంగళవారం

లీష్ కోళ్ళకి మేత వేసి బకెట్టుతో వస్తోంది. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. మురిష్ కంచె అవతల ఆగాడు. ఈసారి టోపీ తీయలేదు. ఎక్కువ ఆలోచించకుండా, దారిన పోతూ తలుపు తట్టినట్టుగా అన్నాడు.

"ఉన్నావా, లీష్?"

లీష్ ఆగిపోయింది. బకెట్టు కింద పెట్టింది. నేను కిటికీ గడియ మీద చెయ్యేసి అలాగే ఉండిపోయాను.

"ఉన్నాను, మురిష్" అంది. "నువ్వు ఉన్నావా?"

"ఉన్నాను."

అంతే. ఆయన కుక్కని పిలుచుకుని కొండెక్కాడు.

ఒంటరి ముసలమ్మ గడప దగ్గర మురిష్ వాళ్ళ తాత చలికాలం ప్రతి పొద్దునా అలాగే కేకేసేవాడట. తర్వాత చెప్పాడు. లోపలినుంచి 'ఉన్నాను' అని వినబడితేనే ముందుకి వెళ్ళేవాడు.

లీష్ లోపలికొచ్చి కోటుతోనే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఎటా అడిగింది అదే" అంది. "ఎవరక్కడ అంది. నేను దేవుణ్ణీ మరియ తల్లినీ ఇచ్చాను. నేనున్నాను అంటే సరిపోయేది. ఆమె అడిగింది అంతే."

అప్పుడు ఏడ్చింది. వచ్చిన తర్వాత ఇదే మొదటిసారి. ముప్పావుగంట. నేను పొయ్యిలో బొగ్గు వేయడానికి కూడా లేవలేదు.


నవంబరు 12

బ్రీడె కొట్లో: "ఉన్నావా, లీష్?" ఉత్తరాల అమ్మాయి: "ఉన్నారా?" ఊళ్ళో ఏదీ ఒకరి దగ్గర ఆగదు.

పొద్దున నేనూ వంటింట్లోంచి కేకేశాను, దుప్పటి కిందినుంచి "ఉన్నాను, ఎక్కడికి పోతాను" అని వినబడింది. కేకేసేముందు నా గుండె ఎందుకు అంతలా కొట్టుకుందో.


నవంబరు 16

నా కుడికంటి ఆపరేషన్‌కి ట్రలీ ఊళ్ళోని ఆసుపత్రికి రమ్మని ఉత్తరం వచ్చింది. సోమవారం. రెండు రోజులు అక్కడ మా పిన్ని కూతురి దగ్గర ఉండాలి. ఏడాదిన్నరగా ఎదురు చూస్తున్నదే, వచ్చేసరికి తప్పించుకోవడానికి ఏం వంక దొరుకుతుందా అని వెతుకుతున్నాను. నేను లేనప్పుడు ఆమె ఇంట్లో ఒక్కతే. బస్సు వేళలు ఆమెకీ తెలుసు. పెద్ద సిస్టర్‌కి రాసిన ఉత్తరం పోస్టు చేసిందో లేదో అడగలేదు. నాకు సంబంధం లేని విషయం.

సంబంధం లేదని ఎందుకు రాశాను? ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు. వెళ్ళొద్దు లీష్. ఇక్కడ రాసుకోవడం తప్ప ఆమెతో అనలేను. ఆమె తేల్చుకోవాల్సింది నా కోసం కాదు.


నవంబరు 20

చర్చి తాళాలు ఎవరికివ్వాలా అని ఆలోచిస్తుంటే లీష్ చెయ్యి చాచింది.

నువ్వా అన్నాను.

"తలుపు తీయడానికి నమ్మకం అక్కర్లేదు, తాళంచెవి ఉంటే చాలు. పూలకి నీళ్ళు మారుస్తాను. దీపం చూస్తాను. ఆయన ఉన్నావా అని అడిగితే ఉన్నానంటాను. మిగతాది ఆయనే చెప్పాలి."

ఫాదర్‌కి ఈ ఏర్పాటు చెప్పాను. తల ఊపి, దీపానికి నూనె ఎంత పోయాలో ఆమెకి చూపించమన్నాడు. నేను ఇన్ని వారాలు భయపడింది ఈ మనిషికేనా అనిపించింది.


నవంబరు 22, సోమవారం

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

కూడలి దాకా లీష్ వచ్చింది, నా సంచీ తనే మోసుకుంటూ. రొట్టె కట్టి ఇచ్చింది, ఈసారి ఇటుక కాదు. ఎండ కాసింది. ఇద్దరం గోడ మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. బస్సు వచ్చింది.

మాకు వీడ్కోలు మాటలు రెండున్నాయి. ఉండిపోయేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో స్లాన్ లాత్ అంటారు, క్షేమం నీ వెంట రావాలని. వెళ్ళేవాళ్ళు ఉండిపోయేవాళ్ళతో స్లాన్ అగత్ అంటారు, క్షేమం నీ దగ్గరే ఉండాలని. ఇదే కూడలిలో, నేను పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, లీష్ మొదటిసారి బస్సెక్కుతూ నాతో స్లాన్ అగత్ అంది. ఆ తర్వాత ప్రతి ఆగస్టులో పది రోజుల సెలవు అవగానే అదే. అమ్మ పోయినప్పుడూ అదే, నాన్న పోయినప్పుడూ అదే. నేనక్కడే నిలబడి స్లాన్ లాత్ అనేదాన్ని. మా ఇద్దరి మధ్య ఏ మాట ఎవరిదో నలభై ఆరేళ్ళ కిందటే పంచుకున్నట్టుంది.

ఇవాళ మెట్టు ఎక్కుతుంటే ఆమె ఏం అంటుందా అని చెవులు రిక్కించాను. సంచీ అందిస్తూ, కంట్లో చెయ్యి పెట్టకు, డాక్టరు చెప్పినట్టు విను, బుధవారం కూర చేసి ఉంచుతాను అంది. తర్వాత ఏ ఆలోచనా లేకుండా, కోటు మీద పడిన గడ్డిపరక దులుపుకుంటూ అంది.

"స్లాన్ లాత్, గొబ్నిత్."

తను ఏ మాట అన్నదో ఆమె గమనించలేదు. నేను చెప్పలేదు. చెబితే ఆగి ఆలోచిస్తుంది.

"స్లాన్ అగత్" అన్నాను. లీష్‌తో ఆ మాట అనడం నాకిదే మొదలు. నోరు సరిగ్గా తిరగలేదు. డ్రైవరు ఎక్కండి అన్నాడు.

బస్సు మలుపు తిరిగేముందు వెనక్కి చూశాను. కుడికన్ను మసక. అది మూసి ఎడమకంటితో చూశాను. లీష్ కూడలిలో నిలబడి లేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని, అప్పటికే సగం దూరంలో, ఇంటివైపు నడుస్తోంది.